మోకాళ్ల నొప్పికి ఇంట్లో వ్యాయామం: ఎలా మొదలుపెట్టాలి, ఎంత చేయాలి, ఎక్కడ ఆగాలి

"గుజ్జు అరిగిపోయిందన్నారు కదా, ఇప్పుడు వ్యాయామం చేస్తే ఉన్నది కూడా పోదా?" ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లు కూర్చోకముందే అడిగే మాట ఇది. వెళ్లేటప్పుడు అడిగేది ఇంకోటి ఉంది: "ఏవేం చేయాలో వాట్సాప్‌లో పెట్టండి, ఇంట్లో చేసుకుంటాం."

మొదటిదానికి జవాబు, పోదు. రెండోదానికి నాలుగు బొమ్మలు పంపితే సరిపోదు. ఏ వ్యాయామం చేయాలన్నది సగం సంగతే. ఎంత చేయాలి, మధ్యలో నొప్పి వస్తే ఆపాలా వద్దా, ఎప్పుడు పెంచాలి అన్నదే అసలు సంగతి. చాలామంది మొదటి వారం ఉత్సాహంగా యాభై, వంద చేసేస్తారు. రెండో వారం మోకాలు వాస్తుంది. మూడో వారానికి "మాకు పడలేదండీ" అని మానేస్తారు. పడకపోవడం కాదు, కొలత తప్పింది.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. కీలులో ఎముకల చివర ఉండే నున్నటి పొరకు రక్తనాళాలు ఉండవు. కీలు మీద ఒత్తిడి పడి, వదిలి, మళ్లీ పడుతుంటేనే లోపలి ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదపకుండా ఉంచితే ఆ పోషణ తగ్గుతుంది, తొడ కండరం సన్నబడుతుంది, కండరం మోయాల్సిన బరువు కీలు మీద పడుతుంది. ఇక ఎక్స్‌రేలో రాసే గ్రేడ్‌ల సంగతి. 0 నుంచి 4 దాకా ఉండే ఈ లెక్కను కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో పెట్టారు. అది ఎముకల మధ్య జాగాని, అంచుల్లో పెరిగిన ఎముకని చూసి ఇచ్చే అంకె. నొప్పిని కొలిచేది కాదు. గ్రేడ్ 4 ఉండి బజారుకి నడిచి వెళ్లొచ్చేవాళ్లున్నారు, గ్రేడ్ 2తో మెట్లు దిగలేనివాళ్లూ ఉన్నారు. ఆ అంకె చూసి మంచమెక్కొద్దు.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

నలభై ఐదు దాటిన వయసు, నడిచినప్పుడో మెట్లు దిగేటప్పుడో కింద కూర్చుని లేచేటప్పుడో నొప్పి, పొద్దున లేవగానే మోకాలు పట్టేసినట్టుండి అరగంటలోపే సర్దుకోవడం. ఈ మూడూ ఉంటే చాలావరకు అది అరుగుదల నొప్పే. ఈ వ్యాసం మీ కోసమే.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి చూపించండి:

- మోకాలు ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే. ఇది అదే రోజు చూపించాల్సింది, రేపటికి వాయిదా వేయొద్దు.
- పడ్డాకో, మెలిక పడ్డాకో ఆ కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే.
- మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికీ రాక, మడవడానికీ రాకపోతే.
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే. రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి.
- కదలకుండా పడుకున్నా రాత్రంతా నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం.
- పొద్దున పట్టేయడం గంటకు పైగా ఉండి, చేతి వేళ్ల కీళ్లు కూడా వాస్తుంటే. అది కీళ్లవాతం కావచ్చు, మందులు వేరు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాలి మార్పిడి చేయించుకుని ఇంకా మూడు నెలలు కానివాళ్లు మీ డాక్టర్ చెప్పిన వరసే పాటించండి. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో చేయొద్దు. అరికాళ్ల తిమ్మిర్లు ఉంటే ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నిలబడే వ్యాయామాలు చేయొద్దు.

కావలసినవి

- చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, వెనక గోడకి ఆనించి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ అయితే టైల్స్ మీద వెనక్కి జారుతుంది, వద్దు.
- పాత తువ్వాలు ఒకటి. రెండు దిండ్లు.
- ఇసుక నింపి కుట్టిన గుడ్డ సంచులు: అరకిలోది, కిలోది. కొనాలనుకుంటే కాలికి కట్టుకునే బరువులు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి.
- వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో. బాత్‌రూం స్లిప్పర్లు పనికిరావు.
- పట్టుకోవడానికి వంటగది గట్టు, లేదా కిటికీ ఊచలు.
- సెకన్లు చూపించే ఫోన్ లేదా గడియారం, ఒక చిన్న పుస్తకం, పెన్ను. వీటిలో ముఖ్యమైనది పుస్తకమే. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదలుపెట్టే ముందు మూడు కొలతలు

"కొంచెం తగ్గినట్టుంది, తగ్గనట్టుంది" అనే మాటతో ఏమీ తేలదు. అంకెలు రాసుకోండి, తేదీ వేయండి.

మొదటిది కుర్చీ పరీక్ష. సుమారు 17 అంగుళాల ఎత్తు కుర్చీ మధ్యలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కత్తెరలా పెట్టుకోండి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడి కూర్చోగలరో ఎవరినైనా లెక్కపెట్టమనండి. చేతులతో నొక్కి లేవాల్సి వస్తే ఈ పరీక్ష లెక్కలో అది సున్నా. బాధపడొద్దు, సున్నా నుంచి మొదలైనవాళ్లకే తేడా బాగా కనిపిస్తుంది. అమెరికాలో పెద్దవాళ్లు పడిపోకుండా చూసేందుకు వాడే పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తక్కువని అర్థం. 65 నుంచి 69 వాళ్లకు ఆ హద్దు 12, 11. 70 నుంచి 74 వాళ్లకు 12, 10.

రెండోది నిలకడ. గట్టు పక్కన నిలబడి, అవసరమైతే పట్టుకునేలా చేతులు దగ్గర ఉంచుకుని, ఒక పాదానికి సరిగ్గా ముందు ఇంకో పాదం, మడమకి బొటనవేలు తగిలేలా పెట్టండి. పట్టుకోకుండా పది సెకన్లు నిలబడగలిగారా? లేకపోతే మీరు పడిపోయే అవకాశం ఎక్కువ. కింద ఇచ్చిన వ్యాయామాల వరసలో 9వ మెట్టును, అంటే నిలకడ వ్యాయామాన్ని, అందరికన్నా ముందు మీరే మొదలుపెట్టాలి.

మూడోది వంపు. మంచం మీద కాళ్లు చాపి పడుకుని మోకాలి వెనక మీ అరచెయ్యి దూర్చండి. నొప్పి లేని కాలికీ, ఉన్న కాలికీ తేడా చూడండి. నొప్పి కాలి కింద చెయ్యి సులువుగా దూరిపోతుంటే మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదు. తర్వాత మోకాలు మడిచి, మడమకీ పిర్రకీ మధ్య దూరం టేపుతో కొలవండి.

నొప్పి లెక్క: దీన్ని మాత్రం తప్పకుండా చదవండి

నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయండి. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే భరించలేనిది. డెన్మార్క్‌లో 2013లో మోకాలి, తుంటి అరుగుదల ఉన్నవాళ్ల కోసం మొదలై ఇతర దేశాలకు పాకిన వ్యాయామ కార్యక్రమంలో వాడే హద్దులు ఇవి, నేనూ వీటినే చెబుతాను:

- 0 నుంచి 2: నిశ్చింతగా చేయండి.
- 3 నుంచి 5: చేయొచ్చు. ఈ మాత్రం నొప్పితో కీలు దెబ్బతినదు.
- 5 దాటితే: బరువు తగ్గించండి, ఎత్తు తగ్గించండి, లేదా ఆ ఒక్క వ్యాయామం ఆపండి.

వ్యాయామం చేస్తున్నప్పటి నొప్పితో కథ అయిపోదు. మోకాలు బాకీ వసూలుకి మర్నాడు వస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో నొప్పి మీ మామూలు స్థాయికి దిగిపోతే మీరు చేసిన మోతాదు సరైనదే. మర్నాడు కూడా నొప్పి ఎక్కువగా ఉన్నా, వాపు కొత్తగా వచ్చినా, చేసింది ఎక్కువైంది. అప్పుడు మానేయడం కాదు, వచ్చేసారి సగం చేయడం.

తొడ కండరాల్లో రెండు రోజులు సలుపు ఉంటే అది వేరు, ఉండాల్సిందే. కీలు లోపల నొప్పి ఒకటి, కండరం నొప్పి ఒకటి. వేలు పెట్టి చూపించమంటే మీకే తెలుస్తుంది.

ఎలా చేయాలి

మొదటి రెండు వారాలు 1 నుంచి 4 దాకా మాత్రమే, రోజూ. మూడో వారం నుంచి 5 నుంచి 8 దాకా ఉన్నవి వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. 1, 3 మాత్రం రోజూ సాగుతూనే ఉంటాయి. నిలకడ వ్యాయామం (9) కూడా రోజూ చేయొచ్చు, పైన పరీక్షలో పది సెకన్లు నిలబడలేనివాళ్లు దాన్ని మొదటి నుంచే చేయండి.

1. ఒళ్లు వేడెక్కించడం. ఇంట్లోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. నడిస్తే నొప్పి అయితే కుర్చీలో కూర్చుని ఒక్కో మోకాలు మార్చి మార్చి పైకి లేపండి. చలికాలం పొద్దున్నే చేసేవాళ్లు ఈ ఐదు నిమిషాలు అస్సలు వదలొద్దు. అసలు పొద్దున్నే చేయాలన్న నియమమేమీ లేదు. బిగుసుకుపోవడం తగ్గాక, పదింటికో సాయంత్రమో చేసుకోండి.

2. తువ్వాలు నొక్కడం. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి లేదా పడుకోండి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టండి. దాన్ని మంచంలోకి దిగేసేటట్టు మోకాలితో నొక్కండి. ఐదు సెకన్లు పట్టి ఉంచి వదలండి. పదిసార్లు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఇలా చూసుకోండి: మోకాటి చిప్పకి నాలుగు వేళ్లు పైన, తొడ లోపలి వైపు చెయ్యి పెట్టండి. నొక్కినప్పుడు అక్కడ కండరం గట్టిపడాలి, చిప్ప కొద్దిగా పైకి జరగాలి. చిప్ప కదలకుండా పిర్ర మాత్రం పైకి లేస్తుంటే మీరు నడుముతో నొక్కుతున్నారు. ఊపిరి బిగబట్టొద్దు. బీపీ ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నొక్కేటప్పుడు పైకి వినపడేలా ఒకటి, రెండు అని లెక్కపెట్టండి, ఊపిరి దానంతటదే బయటికి వస్తుంది.

3. మోకాలు చాపడం, మడవడం. రెండూ కలిపి ఒకటే మెట్టు. ముందు చాపడం: మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా, కాలిని దాని బరువుకి వదిలేయండి. మూడు నుంచి ఐదు నిమిషాలు. మోకాలి వెనక సాగుతున్నట్టు ఉంటుంది, ఉండాలి. తర్వాత మడవడం: పడుకుని మడమని నెమ్మదిగా పిర్ర వైపు జరపండి, బిగుతు తగిలిన చోట ఐదు సెకన్లు ఆగి చాపండి. పదిసార్లు. దుప్పటి మీద మడమ జరగకపోతే కింద ఒక ప్లాస్టిక్ కవరు వేసుకోండి. అయిపోగానే ఆ కవరు తీసి పక్కన పెట్టండి, దాని మీద కాలు వేసి జారితే కొత్త కష్టం.

4. కాలు నిటారుగా ఎత్తడం. వెల్లకిలా పడుకుని, చేయని కాలు మోకాలి దగ్గర మడిచి పాదం మంచం మీద ఆనించండి. ఇలా మడవకపోతే నడుము పట్టేస్తుంది. చేసే కాలి వేళ్లు మీ వైపు లాగి, తొడ కండరం ముందు బిగించి, ఆ తర్వాత కాలు లేపండి. ఒక అడుగు ఎత్తు చాలు. మూడు సెకన్లు ఆపి, లేపినదానికంటే నెమ్మదిగా దించండి. పది చొప్పున రెండు విడతలు.

ఇక్కడ అందరూ చేసే తప్పు, మోకాలు కొద్దిగా వంగిపోయి ఉండగానే ఎత్తడం. ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి చూడమనండి. వంగుతుంటే బలం ఇంకా రాలేదని అర్థం, ఇంకో వారం 2వ మెట్టులోనే ఉండండి. వంగకుండా పదిహేను సులువుగా వస్తుంటే చీలమండకి అరకిలో ఇసుక సంచి కట్టండి.

5. కుర్చీలోంచి లేవడం. ఒక్కటే వ్యాయామం చేయడానికి ఓపికుందంటే నేను ఇదే చేయమంటాను. రోజులో మీరు ఎన్నోసార్లు చేసే పని ఇది, ఇందులో బలం వస్తే బాత్‌రూంలో, బస్సులో, గుడిలో అంతటా పనికొస్తుంది.

కుర్చీ అంచుకి జరగండి. పాదాలు తుంటి వెడల్పులో, మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగండి. అప్పుడు లేవండి. చాలామంది నిటారుగా కూర్చుని లేవబోతారు, బరువంతా మోకాటి చిప్ప మీద పడి నొప్పి వస్తుంది. ముందుకు వంగితే పిర్ర కండరాలు పని అందుకుంటాయి.

కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగండి. దభీమని కూలబడొద్దు. ఈ వ్యాయామంలో సగం లాభం దిగడంలోనే ఉంది.

అద్దం ముందు చేసి రెండు విషయాలు చూడండి. మోకాళ్లు లోపలికి ఒకదానికొకటి దగ్గరవుతున్నాయా? రెండో కాలివేలి దిశలోనే మోకాలు ఉండాలి. ఒళ్లు మంచి కాలి వైపు ఒరిగిపోతోందా? ఏళ్ల తరబడి నొప్పి ఉన్నవాళ్లందరూ తెలియకుండానే ఒరుగుతారు. అలాగైతే మంచి కాలి పాదాన్ని రెండు అంగుళాలు ముందుకు పెట్టండి, నొప్పి కాలు తప్పించుకోలేదు.

నొప్పి 5 దాటితే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి, లేదా చేతులతో కొంచెం ఊతం తీసుకోండి. ఎనిమిది చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టి పన్నెండు చొప్పున మూడు విడతలకి వెళ్లండి. తర్వాత దిండు తీసేయండి, ఆ తర్వాత చేతులు వదిలేయండి, ఆ తర్వాత చేతుల్లో రెండు కిలోల బియ్యం సంచి పట్టుకుని చేయండి.

6. కాలు పక్కకి ఎత్తడం. వంటగది గట్టు పట్టుకుని నిలబడి కాలు పక్కకి ఒక అడుగు దూరం ఎత్తి దించండి. పాదం ముందుకే చూస్తుండాలి. వేళ్లు బయటికి తిరిగిపోతే వేరే కండరం పనిచేస్తుంది. నడుము ఒక పక్కకి వాలకూడదు. పది చొప్పున రెండు విడతలు, రెండు కాళ్లకీ. తుంటి పక్క కండరం బలంగా ఉంటే నడకలో ఊగుడు తగ్గుతుంది. చీర కట్టుకుని చేసేవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి.

7. మడమలు లేపడం. అదే గట్టు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, రెండు సెకన్లు ఆగి, నెమ్మదిగా దిగండి. పది నుంచి పదిహేను. బరువు చిటికెన వేలి వైపు పోకుండా బొటనవేలి మీద ఉండాలి. ఇందులో చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు, కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూస్తూ చేసేయొచ్చు.

8. మెట్టెక్కడం. 5వ వ్యాయామం (కుర్చీలోంచి లేవడం) దిండు లేకుండా వస్తున్నప్పుడే ఇది. రెయిలింగ్ ఉన్న మెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు వాడండి. నొప్పి కాలు మెట్టు మీద పెట్టి, ఆ కాలి బలంతోనే లేచి, మళ్లీ నెమ్మదిగా దిగండి. కింద ఉన్న కాలితో నేలని తన్ని ఎగరొద్దు. అది దొంగతనం. ఎనిమిదితో మొదలుపెట్టండి.

మామూలు మెట్టు ఆరు ఏడు అంగుళాలు ఉంటుంది, అది ఎక్కువ అనిపిస్తే నాలుగు అంగుళాల ఎత్తున్నది ఏదైనా చూడండి. చెక్క పీట గచ్చు మీద జారుతుంది, వద్దు. గడప కూడా వద్దు. సెంటిమెంట్ అటుంచినా, దాని మీద పాదం మొత్తం పట్టదు.

9. నిలకడ. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు పడేది చాలాసార్లు నొప్పి వల్ల కాదు, కాలు తడబడినప్పుడు వెంటనే సర్దుకోలేక. గట్టు ఎదురుగా, వెనక కుర్చీ పెట్టుకుని మధ్యలో నిలబడండి. ఎటు తూలినా ఆసరా ఉంటుంది. వరస ఇది:

- పాదాలు రెండూ పక్కపక్కన కలిపి.
- ఒక పాదం సగం ముందుకు జరిపి, దాని లోపలి అంచు పక్కన రెండో పాదం బొటనవేలు తగిలేలా.
- ఒకదాని ముందు ఒకటి, మడమకి బొటనవేలు తగిలేలా.
- ఒంటికాలి మీద.

ఒక్కొక్కటి పది సెకన్లు, మూడేసి సార్లు. ఒకటి పట్టుకోకుండా పది సెకన్లు వచ్చాకే తర్వాతది. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత రెండు వేళ్లతో పట్టుకుంటూ వదిలేయండి. కళ్లు మూసుకుని చేయడం గురించి వీడియోల్లో చూసి ఉంటారు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు అది వద్దు. తల తిప్పితే గది గిర్రున తిరిగినట్టుండేవాళ్లు ఇది మొదలుపెట్టే ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కి చూపించండి. దానికి చికిత్స వేరు.

ఎప్పుడు పెంచాలి

వరసగా రెండుసార్లు చేసినప్పుడు చివరి రెండు కూడా సులువుగా వచ్చి, మర్నాడు నొప్పి పెరగకపోతే ఒక్క మెట్టు పెంచండి. సంఖ్య పెంచండి, లేదా బరువు పెంచండి, లేదా కుర్చీ ఎత్తు తగ్గించండి. మూడిట్లో ఒక్కటే. అన్నీ ఒకేసారి పెంచితే, మర్నాడు నొప్పి వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు.

పెంచకపోవడం కూడా తప్పే, నిజానికి ఇదే ఎక్కువగా కనిపించే తప్పు. ఆర్నెల్లుగా అదే పది తువ్వాలు నొక్కుళ్లు చేస్తూ "వ్యాయామం చేస్తున్నా తగ్గట్లేదు" అంటారు. కండరానికి కష్టం అనిపించని పనితో బలం రాదు.

జరిగే పొరపాట్లు

రాత్రి మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం. హాయిగానే ఉంటుంది. కానీ రోజూ ఎనిమిది గంటలు వంచి ఉంచితే కొన్నాళ్లకి మోకాలు నిటారుగా చాపుకోదు, నడకలో ఆ కాలు పొట్టి అయినట్టు కుంటుతారు. పక్కకి తిరిగి పడుకుని రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, అది ఫర్వాలేదు.

నొప్పి మాత్ర వేసుకుని వ్యాయామం చేయడం. నొప్పి లెక్క మొత్తం తారుమారవుతుంది, ఎక్కడ ఆగాలో తెలియదు. పైగా బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఈ మాత్రలు మింగడం ప్రమాదం. పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ గురించి డాక్టర్‌ని అడగండి, మోకాలికి అది బాగానే పనిచేస్తుంది.

"గుజ్జు పెంచే" పొడులు, మాత్రలు. గ్లూకోసమిన్ వద్దనే అమెరికా కీళ్లవాత వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పింది. అదే మార్గదర్శకాల్లో వ్యాయామం చేయమని, బరువు తగ్గమని, చేతికర్ర వాడమని అంతే గట్టిగా చెప్పింది. నెలనెలా ఆ డబ్బాకి పెట్టే డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

మోకాలు కటకటమంటోందని ఆపేయడం. నొప్పి లేని శబ్దాన్ని పట్టించుకోవద్దు.

మోకాలి పట్టీ పొద్దస్తమానం వేసుకోవడం. బయటికి వెళ్లేటప్పుడు ధైర్యంగా ఉంటుందంటే వేసుకోండి. ఇంట్లో, వ్యాయామంలో, పడుకున్నప్పుడు తీసేయండి.

చేతికర్ర నొప్పి ఉన్న వైపే పట్టుకోవడం. సినిమాల్లో అలాగే చూపిస్తారు, తప్పు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, నొప్పి కాలూ కర్రా ఒకేసారి ముందుకు పడాలి. పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి.

మిగతా రోజంతా

కింద కూర్చోవడం పాపమేమీ కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న నెలల్లో మాత్రం బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం తగ్గించండి. పూజకి ఎత్తుపీట, కూరలు తరగడానికి బల్ల, ఇండియన్ టాయిలెట్ అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ. బలం వచ్చాక కింద కూర్చోవడం మెల్లగా మళ్లీ మొదలుపెట్టొచ్చు, నొప్పి లెక్క చూసుకుంటూ.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

బరువు గురించి ఒక్క లెక్క చాలు: ఒళ్లు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గితే ఎంతో మీరే వేసుకోండి.

నడక మానొద్దు. ఒకేసారి గంట నడిచి రెండు రోజులు పడుకునే బదులు పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు నడవండి. అదీ కష్టమైతే సైకిల్, సీటు ఎత్తు పెంచి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు దాదాపు నిటారుగా రావాలి.

తగ్గుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

పుస్తకంలో రోజుకి ఒక్క లైను చాలు: ఏం చేశారు, ఎన్ని, అప్పుడు నొప్పి ఎంత, మర్నాడు పొద్దున ఎంత. "5వది, దిండుతో, 8 రెండుసార్లు, నొప్పి 4, మర్నాడు 2." ఇంతే.

మొదటి రెండు మూడు వారాలు నొప్పి కొంచెం పెరిగినట్టు అనిపించడం మామూలే. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదటి మూడు కొలతలూ మళ్లీ తీసుకోండి. ముందు మారేది సాధారణంగా నొప్పి కాదు, పని. కుర్చీ లెక్క 7 నుంచి 10కి వస్తుంది, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ గట్టిగా పట్టుకోవడం తగ్గుతుంది, నొప్పి మాత్రం "అలాగే ఉందండీ" అంటారు. అది ఆ తర్వాత కొన్ని వారాలకి దిగుతుంది. కొలత రాసుకోనివాళ్లు సరిగ్గా ఈ మధ్యలోనే మానేస్తారు, పుస్తకం అందుకే.

"కొండకి నడిచి వెళ్లొచ్చా?" అనేది తప్పకుండా వచ్చే ప్రశ్న. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండోది దూరం తక్కువ, నిటారు ఎక్కువ, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అలిపిరే నయం. మీ ఇంటి మెట్లు నాలుగు అంతస్తులు ఆగి ఆగి ఎక్కి, మర్నాడు నొప్పి పెరగకుండా ఉంటే, అక్కడి నుంచి వారం వారం పెంచుకుంటూ మూడు నాలుగు నెలలు సాధన చేసి వెళ్లండి. మొక్కు ఎక్కడానికే కాబట్టి దిగేటప్పుడు బస్సులో రండి. మోకాటి చిప్పని బాధపెట్టేది ఎక్కడం కన్నా దిగడమే.

మూడు నెలలు వరస తప్పకుండా చేసి, పెంచుతూ వచ్చి, అయినా కొలతలు కదలకపోతే, లేదా నొప్పికి రాత్రి నిద్ర లేకపోతే, వీధి చివరి దాకా నడవలేకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి. ఇంజెక్షన్ అవసరమా, ఆపరేషన్ అవసరమా అన్నది అప్పుడు మాట్లాడొచ్చు. ఎక్స్‌రేతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి. ఆపరేషన్ తప్పదన్నా సరే, తేదీ వచ్చేదాకా 2, 4, 5 మెట్లు ఆపొద్దు. ఆపరేషన్ తర్వాత రెండో రోజు నుంచి ఫిజియోథెరపిస్ట్ మీతో చేయించేవి దాదాపు ఇవే.